మా బోరు బండి ఇంజన్‌ను నిలబెట్టినవాళ్లకు కృతజ్ఞతలు

మా బండి మళ్లీ పనిలోకి దిగింది. కళ్యాణదుర్గం, కుందుర్పి, కంబదూరు వైపు మా కోసం ఎదురుచూసిన రైతులందరికీ ముందుగా దండాలు. నీళ్లు లేక చెట్లు వాడుతున్నా "బండి బాగు చేయించుకునే రాప్పా" అన్నారే గానీ ఒక్కరూ మాట తూలలేదు. వాళ్లకూ, మా ఇంజన్‌ను కాపాడిన మరో ముగ్గురికీ అందరి ముందూ కృతజ్ఞతలు చెప్పాలని ఇది రాస్తున్నా.

మాది బోర్లలోంచి సబ్‌మెర్సిబుల్ మోటార్లు, పైపులు పైకి లాగే బండి. టర్బో (ఇంజన్‌లోకి గాలి నెట్టే భాగం) ఉన్న పాత మినీ లారీకి వెనక స్టాండు, వించి (తాడు చుట్టి బరువు లాగేది) బిగించి, గేర్‌బాక్స్ నుంచి పీటీవో (ఇంజన్ బలాన్ని వించికి అందించే భాగం) తీసుకుని నడుపుతాం. బరువు మోయడానికి అదనంగా కమాన్ పట్టీలు వేసి ఉన్నాయి. మా చేతికి వచ్చేనాటికే ఇంజన్‌లోకి డీజిల్ ఎక్కువ పోయేలా పంపు సెట్టింగ్ కూడా పెంచి ఉంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే మా అనంతపురం జిల్లాలో ఇలాంటి బండికి ఎండాకాలం తీరిక ఉండదు. సరిగ్గా అప్పుడే, వించి మీద కాసేపు తిరగ్గానే ఆయిల్ ప్రెషర్ ముల్లు కిందికి జారడం మొదలైంది. కొత్త ఆయిల్ కూడా ఇట్టే నల్లబడేది. ఎవరిని అడిగినా ఒక్కొక్కరు ఒక్కో డబ్బా పేరు చెప్పారు. ఎక్కువమంది మాట ఒకటే: ఇంకా చిక్కటి ఆయిల్ పోయ్. టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు.

మెకానిక్ షెడ్డు పెద్దాయన మాత్రం ఆయిల్ ఊసే ఎత్తలేదు. "అప్పా, కిలోమీటర్లు పక్కనపెట్టు. ఇంజన్ ఎన్ని గంటలు తిరుగుతాదో చెప్పు" అన్నాడు. ఆ ప్రశ్నే మా బండిని కాపాడింది. మా బండి రోడ్డు మీద తిరిగేది కొంచెమే, చేలో నిలబడి తిరిగేదే ఎక్కువ. నిలబడి తిరిగే గంటను నలభై యాభై కిలోమీటర్లుగా లెక్కేసుకోవాలన్నది ఈ పనిలో ఉన్నవాళ్ల వాడుక లెక్క. పైగా ముందు నుంచి గాలి తగలదు, రేడియేటర్‌కు ఫ్యాను గాలే దిక్కు. మీటర్‌లో కిలోమీటర్లు చూసి ఆయిల్ మారిస్తే అప్పటికే ఆలస్యమైపోతుంది.

తర్వాత ఆయన ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి టర్బోకు పోయే రబ్బరు హోస్ ఊడదీయించాడు. తెల్లటి గుడ్డ వేలికి చుట్టి లోపల తిప్పి తీస్తే, గుడ్డ మీద ఎర్రటి సన్న దుమ్ము. ఫిల్టర్ దాటాక దుమ్ము చుక్క కూడా ఉండకూడదు. చూస్తే క్లిప్పు కింద హోస్ సన్నగా చీలి ఉంది, ఎలిమెంట్ (డబ్బా లోపల దుమ్ము వడగట్టేది) రబ్బరు అంచు కూడా డబ్బాకు సరిగా అతకడం లేదు. కణేకల్లు, బొమ్మనహాళ్ దగ్గర హగరి ఒడ్డున ఆషాఢం గాలికి ఇసుక ఎలా లేస్తుందో చూసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అది లోపలికి పోతే సిలిండర్‌నూ రింగులనూ గరుకు కాగితంలా అరగదీస్తుంది. ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా దాన్ని ఆపలేదు.

ఆర్టీసీ డిపోలో చేసి రిటైరైన సార్ ఆయిల్ శాంపిల్‌ను ల్యాబుకు పంపించి, రిపోర్టును నా పక్కన కూర్చుని చదివి చెప్పారు. సిలికాన్, అల్యూమినియం రెండూ కలిసి పెరిగాయంటే మట్టి లోపలికి పోయినట్టు. అది పెద్దాయన గుడ్డ మీద చూపించినదే. రెండోది మాకు తట్టనిది: ఆయిల్‌లో డీజిల్ కలిసి ఉంది, మసి ఎక్కువగా ఉంది. పంపు పెంచడం వల్ల కాలకుండా మిగిలిన డీజిల్ సిలిండర్ గోడల వెంట కిందికి దిగి ఆయిల్‌ను పల్చబరుస్తోంది. ముల్లు జారడానికి కారణం అదీ. పంపును కాలిబ్రేషన్‌కు ఇచ్చి మామూలు సెట్టింగ్‌కు తెచ్చాకే ఆయిల్ మాట ఎత్తుదామన్నారు.

చిక్కటి ఆయిల్ సంగతి కూడా సారే తేల్చారు. డబ్బా మీద రాసే 15డబ్ల్యూ-40 అన్న చిక్కదనం నంబరులో 40 అనేది ఇంజన్ వేడెక్కాక, 100 డిగ్రీల దగ్గర ఉండే చిక్కదనం. 20డబ్ల్యూ-50 అక్కడ ఇంకా చిక్కగా ఉంటుంది, నిజమే. కానీ 150 డిగ్రీల వేడిలో, బేరింగుల మధ్య నలిగేటప్పుడు ఉండాల్సిన కనీస చిక్కదనం ఎస్ఏఈ (వాహన ఇంజనీర్ల సంస్థ) పట్టికలో రెండింటికీ ఒకటే, 3.7 మిల్లీపాస్కల్ సెకన్లు. మరీ చిక్కటిదైతే పొద్దున స్టార్ట్ చేయగానే ఫిల్టర్‌లో దూరలేక, ఫిల్టర్‌ను తప్పించి ఆయిల్‌ను పంపే బైపాస్ వాల్వ్ తెరుచుకుంటుంది, వడగట్టని ఆయిలే ఇంజన్‌లోకి పోతుంది. అందుకే కంపెనీ పుస్తకంలో ఉన్న 15డబ్ల్యూ-40నే ఉంచి, రకం (డబ్బా మీద ఉండే నాణ్యత గుర్తు) మాత్రం సీకే-4 తీసుకోమన్నారు. 2002లో వచ్చిన సీఐ-4 కన్నా 2016 చివర్లో వచ్చిన సీకే-4 వేడికి ఎక్కువ తట్టుకుంటుంది, పాత ఇంజన్లకూ పనికొస్తుంది. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బీఎస్-6 (కొత్త పొగ నిబంధనల) బండి అయితే పుస్తకంలో రాసిన రకం తప్ప ఇంకేదీ పోయకండి, బూడిద ఎక్కువుండే ఆయిల్‌తో డీపీఎఫ్ మూసుకుపోతుంది.

మూడో మనిషి స్పేర్ పార్ట్స్ షాపు అన్న. ఇంకా సన్నగా వడగట్టే ఆయిల్ ఫిల్టర్ ఉంటే ఇవ్వమని అడిగితే, "మర కలిసిందని ఏదంటే అది బిగించొద్దప్పా, బైపాస్ ఏ ప్రెషర్‌కు తెరుచుకుంటాదో అది కూడా కలవాల" అని మా ఇంజన్ నంబరు రాసుకుని సరైనది తెప్పించాడు. తన దగ్గర ఎక్కువ ధరవి ఉన్నా అంటగట్టలేదు. ఎయిర్ ఫిల్టర్‌కు పెద్ద ఎలిమెంట్‌తో పాటు లోపలి చిన్న ఎలిమెంట్ కూడా ఇచ్చి, దానికి ఎప్పుడూ గాలి కొట్టొద్దని, మార్చడమేనని గట్టిగా చెప్పాడు. పెద్దదానికి కూడా ఊరికే గాలి కొట్టకుండా ఫిల్టర్ మూసుకుపోతోందని చూపే ఇండికేటర్ ఎర్రగా మారినప్పుడే తీయమన్నాడు. తీసిన ప్రతిసారీ ఎంతో కొంత దుమ్ము లోపల పడుతుంది కదా.

ఇప్పుడు బండికి గంటల మీటర్ బిగించాం. 200 గంటలకు ఆయిల్, ఫిల్టర్ రెండూ కలిపి మారుస్తాం. దించిన ఫిల్టర్‌ను పెద్దాయన కోసి, మడతలు విప్పి, అయస్కాంతం తిప్పి చూస్తాడు. మొన్న కోసినదాంట్లో మెరుపు రజను లేదు. వించి మీద ఎంతసేపు తిరిగినా ముల్లు నిలకడగా ఉంది. పని అయిపోగానే తాళం తీయకుండా టర్బో చల్లబడేదాకా రెండు మూడు నిమిషాలు ఊరికే తిప్పుతున్నాం.

పెద్దాయనా, హోస్ ఊడదీసి చూసినందుకు కూలి కూడా తీసుకోలేదు మీరు. సార్, ఎండలో రెండుసార్లు షెడ్డుకు వచ్చారు. అన్నా, లేని ఫిల్టర్ తెప్పించి ఇచ్చావు. మీ ముగ్గురికీ మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటాం. బోరు బండ్లు నడిపే అన్నదమ్ములు ఎవరైనా గంటల మీటర్ వైరింగ్ ఎలాగో చూడాలనుకుంటే షెడ్డుకు రండి, విప్పి చూపిస్తా.