చిల్లర బదులు భోజనం చీటీ: మన హనుమాన్ గుడి కమిటీ విరాళాల విజ్ఞప్తి

వాడకట్టు పెద్దలకు, అక్కాచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు, హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటూ వరంగల్ వచ్చినప్పుడల్లా మన గుడికి రాకుండా పోని పిల్లలందరికీ నమస్కారం. ఈసారి అడుగుతున్నది గోపురం రంగులకో మైకు సెట్టుకో కాదు, గుడి మెట్ల మీద కూర్చుని చెయ్యి చాపేవాళ్ళ కోసం. మొన్న లెక్కపెడితే పదకొండు మంది ఉన్నారు.

పోయిన నెల ఒక బుధవారం పొద్దున తలుపులు తీస్తుంటే, ఎప్పుడూ ఎడమ పక్క కూర్చునే అవ్వ గోడకు ఆనుకుని ఉంది, లేవబోతే కాళ్ళు నిలవలేదు. పక్కన ప్లాస్టిక్ సంచిలో పద్నాలుగు అరటిపళ్ళు, సగం నల్లబడి నీరు కారుతున్నాయి. అన్నీ ముందు రోజు మంగళవారం భక్తులు ఇచ్చినవే. కొంగు ముడి విప్పి చూపించింది, 38 రూపాయల చిల్లర. షుగర్ గోళీలు అయిపోయి నాలుగు రోజులైందట. అన్నం ఎప్పుడు తిన్నావవ్వా అంటే శనివారం అంది. నిన్న పులిహోర పంచాం కదా అంటే, "పళ్ళు లేవు బిడ్డా, గట్టిగుంటే మింగుడు పడదు" అంది. షుగర్ ఉన్న మనిషికి పద్నాలుగు అరటిపళ్ళు పెట్టి మనమంతా పుణ్యం వచ్చిందనుకుని ఇంటికి పోయాం. మంగళవారం, శనివారం పోటీ పడి పెడతాం, మిగతా ఐదు రోజులు ఆమె ఏం తింటుందో ఇన్నేళ్ళుగా కమిటీలో ఉన్న నాకు కూడా తెలియదు, అది తలుచుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ వారమే మీటింగు పెట్టుకున్నాం. దాచడం ఎందుకు, గొడవే అయింది. కార్తీకం వస్తోంది, రద్దీ పెరుగుతుంది, గేటు దగ్గర బోర్డు పెట్టి అందర్నీ పంపించేద్దామని కొందరన్నారు. వాళ్ళ బాధ అబద్ధం కాదు, చంటిపిల్లను ఎత్తుకుని దిగుతున్న కోడలి చీర కొంగు ఎవరో పట్టుకుని లాగితే ఎవరికైనా టెన్షనే. ఇండోర్‌లో 2025 జనవరి 1 నుంచి బిచ్చం వేసినవాళ్ళ మీదే కేసు అన్నారు కదా, మనమూ అట్లా గట్టిగా ఉండాలని ఒకరన్నారు. ఇంకొకరు హైదరాబాద్ సంగతి గుర్తు చేశారు. 2017 నవంబర్‌లో అంతర్జాతీయ సదస్సుకు ముందు రోడ్ల మీద బిచ్చం అడుక్కునేవాళ్ళను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ళ దగ్గరి ఆశ్రమాలకు తరలించారు, ఆచూకీ చెప్పినవాళ్ళకు 500 రూపాయలు ఇస్తామని కూడా జైళ్ళ శాఖ ప్రకటించింది. నా మట్టుకు నాకు ఆ దారి నచ్చలేదు. మన మెట్ల మీద నుంచి లేపితే పక్క గుడి మెట్లెక్కుతారు, ఆకలి మాత్రం వాళ్ళ వెంటే పోతుంది.

అప్పుడు మన పిల్లగాడొకడు అమెరికాలో ఆల్బుకర్కీ అనే ఊరి సంగతి చెప్పాడు. 2015లో అక్కడి మేయరు ఒక వ్యాన్ పెట్టించాడట. సిగ్నళ్ళ దగ్గర అట్ట ముక్క పట్టుకుని అడుక్కునేవాళ్ళ దగ్గరికి పోయి, ఇవాళ పని చేస్తారా అని అడిగి, ఒప్పుకున్నవాళ్ళతో చెత్త ఎత్తించి, గంటకు 9 డాలర్ల చొప్పున కూలీ, మధ్యాహ్నం భోజనం ఇచ్చి, సాయంత్రం ఆశ్రయం చూపించే సంస్థ దగ్గర దింపేవారట. మనకు వ్యాన్ లేదు, కానీ కార్తీకంలో మెట్ల నిండా నూనె, దీపాలు, పూలు, కొబ్బరి చిప్పలు ఉంటాయి కదా. ఒంట్లో సత్తువ ఉన్న ఇద్దరిని అడిగితే సరే అన్నారు. పది రోజుల నుంచి పొద్దున రెండు గంటలు ఊడ్చి, కడిగి, 200 చొప్పున తీసుకుంటున్నారు. వాళ్ళలో ఒకాయన మొదటి రోజు పైసలు లెక్కపెట్టుకోకుండానే జేబులో పెట్టుకుని, చీపురు మళ్ళీ అడిగి, గుడి వెనక గల్లీ కూడా ఊడ్చిపోయాడు.

మిగతావాళ్ళు పని చేసే వయసు దాటినవాళ్ళో, కాళ్ళు రానివాళ్ళో. వాళ్ళ కోసం రోజూ సాయంత్రం ఆరున్నరకు మెత్తటి అన్నం, పప్పు, మజ్జిగ పెడదామనుకుంటున్నాం. బగోనెలు, గంజులు గుడివే ఉన్నాయి, వంటకు ఇద్దరు అక్కలు వంతులేసుకుంటామన్నారు. బియ్యం, పప్పు, గ్యాస్ కలిపి మనిషికి పూటకు 35 రూపాయల దాకా అవుతుంది. సొంత చేత్తో ఇస్తేనే తృప్తి అనేవాళ్ళ కోసం చెప్పుల కౌంటర్ దగ్గర 20 రూపాయల భోజనం చీటీలు పెడుతున్నాం, కొని మీ చేత్తోనే ఇవ్వండి. గుడి ముద్ర ఉంటుంది, మూల మీది ఇడ్లీ బండి దగ్గర, పక్క మెస్సులో చెల్లుతుంది. తిండే ఇస్తారు, పైసలు తిరిగి ఇవ్వరు. కల్లుకు పోతాయేమోనని చిల్లర వెయ్యడానికి వెనకాడేవాళ్ళకు ఇక ఆ బెంగ ఉండదు. ఇంకోమాట, దుప్పట్లు దయచేసి తేకండి. పోయిన చలికాలం ఒకే తాతకు ఒక్క రాత్రి నాలుగు వచ్చాయి, దాచుకునే చోటు లేక తెల్లారేసరికి ఒక్కటీ మిగల్లేదు. ఆ పైసలు మందులకు ఇవ్వండి.

అన్నిటికన్నా పెద్ద పని కాగితాలది. ఆ అవ్వ నలభై ఏళ్ళు బీడీలు చుట్టింది. బొటనవేలు చూస్తే గీతలే కనపడవు, నున్నగా అరిగిపోయింది. ఆధార్ కార్డు పోయింది, నంబరు గుర్తులేదు, వేలిముద్ర పడదు. కంటిపాపతో వెతకొచ్చని తెలిసింది. కార్డు దొరికితే 2,016 రూపాయల పింఛన్‌కు దరఖాస్తు పెట్టొచ్చు. పెట్టగానే వస్తుందని కాదు, కార్డు లేకపోతే దరఖాస్తే లేదు. కాలు లేని తమ్ముడికి వికలాంగుల సర్టిఫికెట్ చేయిస్తే పింఛన్ 4,016. మనం ఏడాదంతా వేసే చిల్లర కన్నా అది ఆయనకు ఎన్నో రెట్లు ఎక్కువ. ఇంకొకాయన అసలు అడుక్కునే మనిషే కాదు. ములుగు వైపు నుంచి భార్యను పెద్ద దవాఖానకు తెచ్చి, ఉన్నవి అయిపోయి మెట్లెక్కాడు. ఆమెకు బస్సు ఫ్రీ, ఆయనకు టికెట్టుకు లేవు. మొన్న టికెట్టు కొని ఇద్దరినీ బస్సెక్కించాం. ఇట్లాంటి ఆటో కిరాయిలు, జిరాక్సులు, టికెట్లు చిన్నవే, కానీ నెల తిరిగేసరికి పెద్ద లెక్క అవుతాయి.

మొత్తం కలిపి నెలకు 25,000 కావాలి, ప్రస్తుతం చేతిలో 6,400 ఉన్నాయి. నెలకు వంద ఇచ్చినా సంతోషమే. నగదు అయితే గుడి ఆఫీసులో రసీదు తప్పకుండా అడిగి తీసుకోండి, ఫోన్‌పే స్కానర్ ఆఫీసు కిటికీ దగ్గరే ఉంది, ఎవరి సొంత నంబరుకూ పంపకండి. ఈ పైసలు హుండీతో కలపం. ప్రతి నెల మొదటి మంగళవారం ఖర్చు లెక్క నోటీసు బోర్డు మీద అంటిస్తాం, తేడా కనిపిస్తే వచ్చి నిలదీయండి.

అవ్వను సోమవారం పది గంటలకు ఆధార్ కేంద్రానికి తీసుకుపోవాలి. ఆమె బండి వెనక కూర్చోలేదు, ఆటో మాట్లాడాం. వెంట వెళ్ళి లైన్లో నిలబడడానికి ఒక మనిషి కావాలి, ఆడవాళ్ళయితే మేలు. తీరిక ఉన్నవాళ్ళు ఆదివారం హారతి లోపు పూజారిగారికి చెప్పండి.