జిగురు చేతులతో ఒక ఉత్తరం

బోడుప్పల్,
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ సాంబా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. తిట్టు, పడతాను. మేమంతా కులాసా. పెద్దమ్మాయి డిగ్రీ రెండో ఏడు, మా ఆవిడ మోకాలు అలాగే ఉంది, నా ప్రమోషన్ సంగతి అడక్కు. అసలు కబురు వేరే ఉంది, నీకు తప్ప ఎవరికి చెప్పినా ఎక్కదు.

కుక్కవామింట. అదేరా, చేతికి అతుక్కునే ఆ జిగురు మొక్క.

నవ్వావు కదూ! లెక్కల మాస్టారి కుర్చీ గుర్తొచ్చిందా? ఆ పని నాది కాదని ఇవాళ్టికీ అదే మాట అంటాను.

మా పక్క ప్లాటులో ఎవరో అపార్ట్‌మెంట్ మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. నాలుగు లారీల ఇసక అలాగే పడుంది. వానలు పడగానే దాని నిండా నడుమెత్తు మొక్కలు. కింది పోర్షన్ పిల్లాడి బంతి అందులో పడితే తీసిద్దామని పోయిన ఆదివారం దిగాను, అదీ ఉతికిన తెల్ల లుంగీతో. మూడడుగులు వేశానో లేదో లుంగీ ఆకులకి అతుక్కుపోయింది. ఇక వాసనంటావా, మన చీరాల ఇసక చేలన్నీ ఒక్కసారిగా ముక్కులోకొచ్చాయి. నాయనమ్మ చెవిపోటుకి ఆ ఆకు రసం పిండుతుంటే నేను అరుగు దిగి పరిగెత్తడం, నువ్వు అడ్డం పడి పట్టుకోవడం... ద్రోహివిరా నువ్వు. ఆవిడ ఉండుంటే... సరేలే.

బంతి దొరకలేదు గానీ మొక్కని మాత్రం మొదటిసారి సరిగ్గా చూశాను. పసుప్పచ్చ పువ్వు, నాలుగు రేకులు, నాలుగూ ఒకే పక్కకి, పైకి తిరిగి ఉంటాయి, ఎవరో ఒకవైపే దువ్వినట్టు. కాండమంతా సన్నటి నూగు. అమ్మాయి ఫోను దగ్గరగా పెట్టి చూపించింది, ఒక్కో వెంట్రుక కొసన ఒక్కో జిగురు బొట్టు! రెండు దోమలు దాంట్లో ఇరుక్కుని ఉన్నాయి. లిన్నేయస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1753లోనే దీనికి క్లియోమ్ విస్కోసా అని పేరు పెట్టాడట. విస్కోసా అంటే జిగటది అనే. ఆయన లుంగీకీ అంటుకుందేమో!

ఇదంతా ఉపోద్ఘాతం. అసలు కథ ఇప్పుడు మొదలవుతుంది. నేను ఆకులు పీక్కుంటుంటే ఆ చివర మా పైపోర్షను ఆవిడ, చేతిలో స్టీలు గిన్నె, ఎండిన కాయలు కోస్తోంది. ఉత్తరాఖండ్‌లో పౌడీ వాళ్లు, దిగి ఆరు నెలలైంది. నాకొచ్చిన హిందీలో, "భాభీజీ, యే కుత్తే కా పౌదా హై, నక్కో!" అన్నాను, కుక్క మొక్క, వద్దని. ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది. సాయంత్రం ఒక ప్లేటు ఆలుగడ్డ వేపుడు పంపింది. ముక్కల మీద నల్లటి చిన్న గింజలు, పంటి కింద కరకరమంటున్నాయి. ఆవాలకున్న ఘాటు లేదు, వేయించిన కమ్మటి వాసన. అవి ఈ కుక్కవామింట గింజలే! వాళ్ల కొండల్లో జఖియా అంటారట, పోపుకి అదే. మొక్క కూడా ఆవాల కుటుంబానికి దగ్గర చుట్టమేనని మా అమ్మాయి చెప్పింది.

నాకు రోషం వచ్చిందిరా. తెల్లపూల వామింటని పులుసులో వేసుకుని, దీనికేమో ముందు 'కుక్క' తగిలించి వదిలేశాం. మన కుక్కతులసి కూడా అంతే కదా. ఆవిడ వండిన ప్లేటు నాకిన నేను...

నిన్న పొద్దున జేసీబీ వచ్చింది. లుంగీ ఎగ్గట్టి సంచి పట్టుకుని పరిగెత్తాను. డ్రైవరు, "సార్, పాములుంటయ్, పక్కకు జరగండి" అంటున్నాడు. పది నిమిషాలు ఆగమని బతిమాలాను, పాపం టీ తాగడానికి వెళ్లాడు. సూదుల్లా నిటారుగా నిలబడ్డ కాయలు సగం సంచి కోశాను. పేపరు మీద ఆరబెట్టి నలిపితే గింజలు గుప్పెడున్నర. ఒక్కోటీ ముడుచుకున్న బుల్లి నత్తలా ఉంది. మా ఆవిడ రెండు రోజులుగా నన్ను వంటింట్లోకి రానివ్వడం లేదు, సబ్బుకి కూడా చేతుల వాసన పోలేదు.

కింద బావమరిది హారన్ కొడుతున్నాడు, బాపట్ల బండి ఆరున్నరకి. ఈ కాయితంతో పాటు పొట్లం వాడి చేతికే ఇస్తున్నా. విప్పేటప్పుడు ఫ్యాను ఆపు. ఆలుగడ్డలు ముందు ఉడకబెట్టుకో, నూనె బాగా కాగాక గింజలు వేసి, చిటపటమనగానే... వస్తున్నానంటే వినడేంటి వీడు! మిగతాది ఫోన్లో.

నీ
కుర్చీ దొంగ కానివాడు