ఫ్రేముల మీద నేను రాసిన సంవత్సరాల గురించి

మన షాపులో పాత ఫొటోలు బాగు చేయించుకున్న వాళ్లందరికీ. సంక్రాంతి నుంచి ఇప్పటిదాకా కలర్ వేయించి ఇచ్చిన ఫ్రేములు 41. వాటిని ఒకసారి వెనక్కి తీసుకురండి. ఎందుకో దాచకుండా చెప్తాను.

పోయిన నెల ఒక కుటుంబం వాళ్ల తాతగారి ఫొటో ఇచ్చింది. అలిపిరిలో టాక్సీ అంబాసిడర్ పక్కన తాత, అవ్వ, చంకలో పిల్లాడు. బాగా వెలిసిపోయింది. బాగు చేయించి, ఎప్పటిలాగే ఫొటోలో ఉన్న బండిని బట్టి కింద సంవత్సరం రాశాను: '1975 తర్వాత'. ఫ్రేము ఇంటికెళ్లిన మర్నాడే అవ్వ మనవడి చేత ఫోన్ చేయించింది. "ఏం నాయనా, డెబ్బై ఒకటిలో పోయిన మనిషిని తీసుకొచ్చి కారు పక్కన నిలబెట్టినావే?"

నోట మాట రాలేదు. ముప్పై ఏళ్లుగా ఫొటోల్లో మనుషుల కంటే ముందు బానెట్లు చూసేవాణ్ని నేను. 1962లో వచ్చిన మార్క్ 2 అంబాసిడర్‌కు ముందు జాలీ సన్న గళ్లతో ఉంటుంది. 1975లో మార్క్ 3 వచ్చాక గళ్లు పోయి అడ్డపట్టీలు వచ్చాయి. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఒరిజినల్‌ను కవర్లోంచి తీసి భూతద్దం పెట్టి చూస్తే, వెలిసిన చోట కూడా గళ్లు తెలుస్తూనే ఉన్నాయి. కలర్ వేసి వచ్చిన ఫైల్లో మాత్రం నిగనిగలాడే అడ్డపట్టీలు!

కలర్ పని ఆరేళ్లుగా వేరే ఊరి ల్యాబ్‌కు పంపుతున్నాను. పేరు రాయను. చేత్తో చేస్తామన్నారు, చేతి పనికే డబ్బు తీసుకున్నారు. గట్టిగా నిలదీస్తే, సంక్రాంతి నుంచి ఏఐ సాఫ్ట్‌వేర్‌తో లాగించేస్తున్నామని ఒప్పుకున్నారు. చెరిగిన చోట అసలు ఏముందో దానికి తెలియదు. నేర్చుకున్న బొమ్మల్ని బట్టి ఏది ఉండొచ్చో ఊహించి గీసేస్తుంది. "క్లియర్‌గానే ఉంది కదా సార్, జాలీ ఎవరు చూస్తారు?" అన్నాడు అక్కడి కుర్రాడు. చూసేవాడు ఒకడున్నాడని ఆరేళ్లలో వాళ్లకు తెలియలేదు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. తప్పు నాదీ ఉంది. ఒరిజినల్ బల్ల మీదే ఉన్నా, స్క్రీన్ మీద కళ్లకు హాయిగా ఉందని ఆ ఫైలు చూసే రాశాను.

ఆ ఒక్క ఫ్రేము మార్చిచ్చి ఊరుకుందామనే మొదట అనుకున్నాను. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. జాలీని మార్చింది మొహాన్ని వదిలిపెట్టిందని ఏం గ్యారంటీ? మీరు రోజూ దండం పెట్టుకునే నాన్నగారి ముక్కు ఆయనదేనా? 41 ఇళ్లలో ఈ అనుమానం పెట్టడం కంటే నోరు మూసుకోవడమే నయమేమో అని కూడా అనిపించింది. మా ఆవిడ ఒక్క మాటే అంది: "మీ అమ్మ ఫొటో కూడా అక్కడికే పంపారు కదా." గోడ మీది నుంచి దించి చూశాను. అమ్మ కుడి చెంప మీద పులిపిరి లేదు.

అందుకే రాస్తున్నాను. ఫ్రేముతో పాటు ఒరిజినల్ కూడా తెండి. పక్కపక్కన పెట్టి మీ ముందే చూద్దాం. తేడా ఉంటే కొత్త ప్రింటు ఉచితం. ఇకపై కలర్ నేనే వేస్తాను, పది రోజులు పడుతుంది. రేటు పెంచను, తగ్గించనూ తగ్గించను.

సంవత్సరం రాయడం మానెయ్యమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. మానను. కాకపోతే బండి చెప్పేది ఒక్కటే, ఈ ఫొటో అంతకు ముందుది కాదని. మారుతీ 800 కనిపిస్తే 1983 డిసెంబరుకు ముందుది కాదు. నంబర్ ప్లేటు మీద ఏపీ 03 ఉంటే 1989కి ముందుది కాదు. టాటా లారీ ముందు బెంజ్ నక్షత్రం ఉంటే లారీ 1954, 1969 మధ్య తయారైందని అర్థం, కానీ ఆ లారీ ఎన్నేళ్లు తిరిగిందో ఎవరు చెప్పగలరు? పైహద్దు చెప్పాల్సింది మీ ఇంట్లో పెద్దవాళ్లే. ఇకనుంచి వాళ్లను అడిగాకే, అదీ ఫ్రేము వెనక, పెన్సిల్‌తో రాస్తాను.

అవ్వ ఫ్రేము నిన్ననే ఇచ్చి వచ్చాను. జాలీకి గళ్లు వచ్చాయి. వెనక '1962–1971' అని రాయబోతుంటే ఆపింది. "అరవై ఆరు అని రాయి నాయనా. చంకలో ఉండేది మా పెద్దోడు, గుండు కొట్టించేదానికి పోయినాం."