అమ్మాయిల ట్రూప్ (బృందం) గురించి

అక్కలకి, చెల్లెళ్లకి వందనాలు. అమెరికాలో అమ్మాయిల కోసం నడిచే క్రైస్తవ స్కౌటింగ్ తరహా సంస్థ, అమెరికన్ హెరిటేజ్ గర్ల్స్ గురించి చాలామంది విడివిడిగా అడుగుతున్నారు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

అక్కడి పాత అమ్మాయిల స్కౌట్ సంస్థ గర్ల్ స్కౌట్స్ 1993లో తమ ప్రమాణంలో దేవుడి పేరు దగ్గర ఎవరికి నచ్చిన మాట వాళ్లు పలకొచ్చని నిర్ణయించింది. అది నచ్చని తల్లిదండ్రులు, ప్యాటీ గారిబే ముందుండి, 1995లో ఒహాయోలో అమెరికన్ హెరిటేజ్ గర్ల్స్‌ని మొదలుపెట్టారు. కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండో తరగతి దాకా అమ్మాయిలకి.

ఇది ఇంకో సండే స్కూల్ అనుకోకండి. ప్రార్థన ఉంటుంది, కానీ బ్యాడ్జీలు ప్రథమ చికిత్స, వంట, క్యాంపింగ్ లాంటి వాటికి. వాటిని యూనిఫాం వెస్ట్‌కి (చేతుల్లేని కోటుకి) కుట్టాల్సింది మాత్రం మనమే. ఇస్త్రీతో అతికిస్తే ఉతికేసరికి అంచులు లేచిపోతాయి, సూదీ దారం తీయండి.

లీడర్లు క్రైస్తవ విశ్వాస ప్రకటనకి ఒప్పుకోవాలి. పిల్లలకి ఆ నియమం లేదు, ఏ మతం వాళ్లయినా చేరొచ్చు. మీ పాప స్నేహితురాలు వస్తానంటే వాళ్లమ్మకి ప్రార్థన సంగతి ముందే చెప్పండి, దాచి తీసుకురావడం మర్యాద కాదు.

మన దగ్గరే ట్రూప్ పెట్టాలంటే మన చర్చి సంఘం బాధ్యత తీసుకోవాలి, పాస్టర్‌గారితో మాట్లాడాలి. అంతకంటే ముందు లీడర్లు కావాలి. పిల్లని దింపేసి కాస్ట్కోకి షాపింగ్‌కి వెళ్లొస్తామంటే నడవదమ్మా! బ్యాక్‌గ్రౌండ్ చెక్‌కి, ట్రైనింగ్‌కి సిద్ధంగా ఉన్నవాళ్లే శనివారంలోగా పేరు ఇవ్వండి. మగపిల్లలకి ట్రైల్ లైఫ్ అని ఇలాంటి క్రైస్తవ సంస్థే వేరే ఉంది, అది తర్వాత చూద్దాం.