వీసీ గారూ, లైబ్రరీ మేకర్‌స్పేస్ తాళం తీయించండి

వీసీ గారికి నమస్కారం. మన లైబ్రరీ కింది ఫ్లోర్‌లో మేకర్‌స్పేస్ (త్రీడీ ప్రింటర్, లేజర్ కట్టర్ లాంటి మెషిన్లతో ఎవరి వస్తువులు వాళ్లే తయారుచేసుకునే చోటు) అని రిబ్బన్ కట్ చేశారు, ఫొటోలు దిగారు, ఆ తర్వాత మెషిన్లు పాడైతే ఎవరు బాధ్యులు అని తాళం వేసేశారు. వాడకపోతేనే పాడవుతాయి సార్, త్రీడీ ప్రింటర్‌లో వేసే పీఎల్ఏ ఫిలమెంట్ (ప్లాస్టిక్ తీగ) రోల్ ఊరికే వదిలేస్తే గాల్లో తేమ పీల్చుకుని పెళుసైపోతుంది, వానాకాలంలో అయితే చెప్పక్కర్లేదు.

అమెరికాలో నెవాడా యూనివర్సిటీ రీనో క్యాంపస్ లైబ్రరీలో 2012లోనే త్రీడీ ప్రింటర్లు అందరికీ ఓపెన్ చేశారు. అంత దూరం ఎందుకు, పుణె దగ్గర పాబళ్ అనే పల్లెలో విజ్ఞాన్ ఆశ్రమ్ వాళ్లు 2002లోనే ఫ్యాబ్ ల్యాబ్, అంటే ఇలాంటి మేకర్‌స్పేసే, పెట్టారు.

మేం కొత్త మెషిన్లు అడగట్లేదు. రాత్రి 8 దాకా ఉండే ఒక టెక్నీషియన్, ఫిలమెంట్‌కీ నాజిల్స్‌కీ ఏటా కొంత బడ్జెట్, బీఏ బీకాం వాళ్లకి కూడా ఎంట్రీ, అంతే. ఇంజినీరింగ్ వాళ్లకే అనే రూల్ ఎవరు పెట్టారో గానీ చాలా అన్యాయం, లైబ్రరీ అందరిదీ కదా. లేజర్ కట్టర్ మాత్రం పొగ బయటికి పోయే డక్ట్ పెట్టించాకే ఆన్ చేయించండి, ఎవరైనా తెలీక పీవీసీ ముక్క పెడితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే విషవాయువు వస్తుంది, ఊపిరితిత్తులకీ మెషిన్‌కీ రెండింటికీ ముప్పే. ట్రైనింగ్ అయినవాళ్లకే అది ఇస్తామన్నా మాకు ఓకే.

వచ్చే సెమిస్టర్ మొదలయ్యేలోపు ఆర్డర్ ఇప్పించండి సార్.