వార్షిక నివేదిక 2024-25: కంపెనీ బోల్టా, బజారు బోల్టా?

సభ్యులందరికీ నమస్కారం.

ఒడిశాలోని రాయగడలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ లేత్, వెల్డింగ్, రిపేరు పనులు చేసుకుంటున్న మన తెలుగువాళ్ల సంఘం ఈ ఏడాది నెలకోసారి కూర్చుంది. జమాఖర్చులు విడిగా జతచేశాం. వెల్డింగ్ పిల్లలకు కళ్లద్దాలు, చేతి తొడుగులు ఇచ్చాం. ఏడాదంతా ఎక్కువగా నలిగింది మాత్రం బోల్టుల సంగతే: యంత్రం చేసిన కంపెనీ బోల్టే వేయాలా, బజారు బోల్టు సరిపోతుందా అని.

వడ్ల సీజన్‌లో గుణుపురం వైపు ఒక రైసుమిల్లులో స్క్రూ కన్వేయర్‌కు (మరలాంటి ఇరుసు తిరుగుతూ ధాన్యాన్ని ముందుకు నెట్టే యంత్రం) ఉండే షియర్ బోల్టు తెగింది. కంపెనీ బోల్టు విశాఖ నుంచి రావాలి. గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరాయి, మిల్లు యజమానికి ఒకటే టెన్షన్. మన సభ్యుడు మళ్లీ తెగకూడదనే మంచి ఉద్దేశంతో అదే సైజులో 8.8 గ్రేడు గట్టి బోల్టు బిగించాడు. నాలుగు రోజులకు లోపల గోనెసంచి ముక్క చుట్టుకుంది. బోల్టు నిలబడింది, గేరు పళ్లు రాలాయి. ఆయనే ఆ పళ్లను గుడ్డలో మూటగట్టి తెచ్చి, సమావేశంలో బల్ల మీద పోసి జరిగింది చెప్పాడు. ఆ ధైర్యానికి సంఘం తరఫున ధన్యవాదాలు.

షియర్ బోల్టు ఉన్నదే తెగడానికి: లోపల ఏదైనా అడ్డుపడితే ముందు తాను తెగి గేరును కాపాడుతుంది. దాని చోట గట్టి బోల్టు వేయడమంటే ఫ్యూజు పోయిందని లావు తీగ చుట్టడమే. 8.8 అంటే చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల దాకా తెగదు, 640 దాకా శాశ్వతంగా సాగదు. మెత్తటి 4.6 గ్రేడుకు ఆ అంకెలు 400, 240. చూపుకు రెండూ ఒకటే, తల మీద అంకె చదివితేనే తేడా తెలుస్తుంది. ఇలాంటి చోటా, వారంటీ నడుస్తున్న యంత్రానికీ కంపెనీ బోల్టే వేయండి. సీజన్‌కు ముందే నాలుగు తెప్పించి మిల్లులోనే ఉంచమనండి.

అలాగని కంపెనీ సంచిలో వచ్చిందల్లా ప్రత్యేకం కాదు. చాలావాటిని కొలిస్తే మామూలు ఎమ్10, ఎమ్12లే (అంటే 10, 12 మిల్లీమీటర్ల లావువి). కొలవకుండా మాత్రం వేయొద్దు. ఎమ్10 మామూలు పిచ్ (మరకూ మరకూ మధ్య దూరం) 1.5 మిల్లీమీటర్లు, జపాన్ తరహా యంత్రాల్లో తరచుగా 1.25 ఉంటుంది. ఎమ్10 తల కూడా అంతే: పాత డిన్ (జర్మన్ ప్రమాణం) బోల్టుకు 17 పానా, ఐఎస్‌ఓ (అంతర్జాతీయ ప్రమాణం) బోల్టుకు 16, జపాన్ తరహాకు 14. పానా పట్టడానికి చోటు తక్కువున్న గుంటలో ఈ ఒకటి రెండు మిల్లీమీటర్లే పని ఆపేస్తాయి.

పాత మిల్లుల్లో ఇంచి బోల్టులు ఇంకా ఉన్నాయి. బ్రిటిష్ కొలత అయిన విట్‌వర్త్‌లో అరంగుళం బోల్టుకు అంగుళానికి 12 మరలు, అమెరికన్ కొలత అయిన యూఎన్‌సీలో 13. ఒకదాని నట్టు రెండోదానికి ఒకటి రెండు చుట్లు హాయిగా ఎక్కుతుంది, తర్వాత బిగుసుకుంటుంది. అక్కడే మన కుర్రాళ్లు పానాకు పైపు తొడిగి బలం పెడతారు, మర పోతుంది. పిచ్ గేజ్ (మరను పోల్చి చూసే పళ్ల రేకు) మరకు ఆనించి వెలుతురుకేసి చూడండి. సందు కనిపించకపోతేనే అది ఆ మర. ఇందుకోసం సంఘం మెట్రిక్, ఇంచి గేజ్‌లు కొన్నది.

మనం సొంతంగా చేసే ఎలివేటర్లు, ట్రాలీలు, షెడ్ల విషయంలో సభ్యులు ఒక మాట మీదికి వచ్చారు. వీలైనంతవరకు ఎమ్8, ఎమ్10, ఎమ్12, ఎమ్16 మామూలు పిచ్‌వే వాడదాం. బరువు మోసేచోట 8.8 బోల్టుకు 8 గ్రేడు నట్టు. రాయగడ బజారులో లేకపోతే పార్వతీపురంలో, విజయనగరంలో దొరుకుతాయి. రేపు మనం లేకపోయినా రైతు తానే మార్చుకోగలగాలి. పల్చటి రేకు ప్యానెళ్లకు క్లించ్ నట్లు (రేకులోకి నొక్కి కూర్చోబెట్టే నట్లు) పెడదామని ఇద్దరు అడిగారు. వాటిని సరిగా నొక్కడానికి ప్రెస్ కావాలి, రేకు నట్టు కంటే మెత్తగా ఉండాలి. మన దగ్గర ప్రెస్ లేదు కాబట్టి ప్రస్తుతానికి వెల్డింగ్‌తో అతికించే వెల్డ్ నట్టే మేలని నా అభిప్రాయం.

బోల్టుల డబ్బాలపై సైజు, పిచ్, గ్రేడు తెలుగులోనూ ఒడియాలోనూ రాయించాం, మన దగ్గర పనిచేసేవాళ్లలో ఒడియా కుర్రాళ్లే ఎక్కువ కదా. గేజ్‌లు కార్యదర్శి దగ్గర ఉన్నాయి, పుస్తకంలో రాసి తీసుకెళ్లండి. తెగిన షియర్ బోల్టు ముక్కలు పారేయకండి. ఏ యంత్రంలోదో చీటీ కట్టి తెస్తే వచ్చే సమావేశంలో కొలిచి పెడదాం.

ఇట్లు,
కార్యదర్శి