ఇండియానా జోన్స్ పాత్రను కొత్త నటుడికి అప్పగించాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

ప్రాచీన సంపదను వెతుక్కుంటూ వెళ్లే పురావస్తు శాస్త్రవేత్త సాహసాలు చూపే హాలీవుడ్ ఇండియానా జోన్స్ చిత్రాల వరుస 2023లో విడుదలైన అయిదో భాగంతో ముగిసిపోయిందనీ, హారిసన్ ఫోర్డ్ తప్ప మరొకరు ఆ పాత్ర వేయడానికి వీల్లేదనీ సినీ అభిమానుల్లో బలమైన అభిప్రాయం ఉంది. తనతోనే ఆ పాత్ర ముగుస్తుందని ఫోర్డ్ కూడా 2019లో ఒక టీవీ కార్యక్రమంలో చెప్పారు. ఆయన మీద నాకు ఎంతో గౌరవం ఉన్నప్పటికీ ఆ మాటతో ఏకీభవించలేక ఈ లేఖ రాస్తున్నాను. ఈ సాహసగాథ కొనసాగాలి. అందుకు ఆ పాత్రను వయసులో ఉన్న మరో నటుడికి బాహాటంగా అప్పగించాలి.

ఈ చిత్రాల సృష్టికర్త జార్జ్ లూకాస్ 1970లలో ఈ పాత్రను ఊహించినప్పుడు ఆయన మనసులో ఫోర్డ్ లేరు. 1930, 40లలో వారం వారం థియేటర్లకు వచ్చిన సీరియల్ చిత్రాల సాహసవీరులు ఉన్నారు. మొదట ఎంపికైన టామ్ సెలెక్, అప్పటికే ఒప్పుకున్న టీవీ సీరియల్ కారణంగా తప్పుకోవలసి వచ్చాకే ఆ అవకాశం ఫోర్డ్‌కు దక్కింది. దెబ్బ తగిలితే నొప్పి పడే, పామును చూస్తే వణికిపోయే మామూలు మనిషిగా ఆయన ఆ వీరుణ్ణి మలిచిన తీరు అపూర్వం, అందులో నాకు సందేహం లేదు. అయితే 1984 నాటి రెండో భాగం చిత్రీకరణలో ఆయన వెన్నుకు గాయమై చికిత్స కోసం అమెరికా వెళ్లినప్పుడు, స్టంట్ డూప్ విక్ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో కొన్ని వారాల పాటు షూటింగ్ కొనసాగించారన్నది కూడా చరిత్రే. 1989 నాటి మూడో భాగం ఆరంభంలో కుర్రవాడైన ఇండియానాగా రివర్ ఫీనిక్స్ కనిపించారు. 1992లో మొదలైన టీవీ సీరియల్‌లో బాల్యం, యౌవనం, వృద్ధాప్యం వేర్వేరు నటులు పోషించారు. అంటే ఫోర్డ్ తెర మీద చురుగ్గా ఉన్న రోజుల్లోనే ఆ పాత్ర ఇతరుల చేతుల్లోకి వెళ్లింది, ప్రేక్షకులు దాన్ని తప్పుగా భావించలేదు.

అసలు ఈ చిత్రాల పుట్టుకలోనే నటుడు మారే సంప్రదాయం ఉంది. బ్రిటిష్ గూఢచారి జేమ్స్ బాండ్ సినిమా ఒకటి తీయాలని ఉందని మొదటి నాలుగు భాగాల దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్ 1977లో అంటే, అంతకన్నా మంచి కథ తన దగ్గర ఉందని లూకాస్ దీని గురించి చెప్పారు. మూడో భాగంలో ఇండియానా తండ్రి పాత్రకు తొలి బాండ్ షాన్ కానరీని తీసుకోవడం ఆ రుణాన్ని గుర్తుచేసుకోవడమే. 1962 నుంచి 2021 దాకా ప్రధాన వరుసలో వచ్చిన 25 బాండ్ చిత్రాలలో ఆరుగురు కథానాయకులు మారారు. కానరీ తర్వాత 1969లో వచ్చిన జార్జ్ లాజెన్బీ ఒక్క చిత్రంతోనే వెళ్లిపోయారు, 1971లో కానరీనే తిరిగి పిలవవలసి వచ్చింది. అంతటితో భయపడి ఆపేసి ఉంటే రోజర్ మూర్ ఏడు చిత్రాలు గానీ, 2006లో డేనియల్ క్రెయిగ్ ఆ పాత్రకు తెచ్చిన గాంభీర్యం గానీ మనకు దక్కేవి కావు.

మన తెలుగువారికి ఇది అర్థం కాని విషయం ఏమీ కాదు. పద్యనాటకాలు చూసిన వారికి, ఒకే రాత్రి ఒకే శ్రీకృష్ణ రాయబారంలో పడక సీను కృష్ణుడు ఒకరు, రాయబారం సీను కృష్ణుడు మరొకరు ఉండేవారని గుర్తుండే ఉంటుంది. కిరీటం, పింఛం, పద్యం అవే. గొంతు మారేది, రాగం తీసే తీరు మారేది, ఆ తేడాను ఆస్వాదించడానికే జనం తెల్లవార్లూ కూర్చునేవారు. వెండితెర మీద కృష్ణుడంటే ఎన్టీ రామారావే అని నిశ్చయించుకున్న ప్రేక్షకులే, ఆయన బృహన్నలగా నటించిన 1963 నాటి నర్తనశాలలో కాంతారావును కృష్ణుడిగా ఆదరించారు.

నటుణ్ణి మార్చకపోతే ఏమవుతుందో అయిదో భాగం చూపించింది. కథను 1969లో నడిపినా, తొలి ఘట్టాన్ని 1944లో పెట్టి, దాదాపు ఎనభై ఏళ్ల నటుడి ముఖాన్ని కంప్యూటర్ సాయంతో యౌవనంలోకి తీసుకెళ్లారు. ముఖం నున్నబడింది గానీ గొంతులో వయసు దాగలేదు, రైలు పైకప్పు మీది పరుగులో బరువు తెలిసిపోయింది. సాంకేతిక నిపుణుల శ్రమను తక్కువ చేయడం లేదు. కానీ నటన అంటే ఆ క్షణంలో ఆ శరీరం చేసే నిర్ణయం. పాత చిత్రాల ముఖకవళికలను ఏరి అతికించినప్పుడు మిగిలేది జ్ఞాపకమే. రేపు ఇదే పద్ధతిలో నటుడి ప్రమేయం లేకుండానే కొత్త చిత్రాలు తీసే ప్రయత్నం జరిగితే, అది ఫోర్డ్‌కూ ఆ పాత్ర చేయగల యువ నటులకూ కూడా అన్యాయమే అవుతుంది.

దీనికి అభ్యంతరంగా అందరూ 2018 నాటి సోలో చిత్రాన్ని చూపిస్తారు. స్టార్ వార్స్ వరుసలో ఫోర్డ్ పోషించిన హాన్ సోలో పాత్రను ఆల్డెన్ ఎరెన్‌రైక్‌కు ఇచ్చిన ఆ చిత్రం ఆర్థికంగా దెబ్బతిన్న మాట నిజమే. అయితే అది షూటింగ్ మధ్యలో దర్శకులను మార్చి, చాలా భాగం మళ్లీ తీసిన చిత్రం. పైగా ఆ కథానాయకుడికి ఇంటి పేరు ఎలా వచ్చింది, అంతరిక్ష నౌక ఎలా దక్కింది అంటూ ఎవరూ అడగని ప్రశ్నలకు జవాబులు చెప్పడంలోనే కథ గడిచిపోయింది. అపజయాన్ని మొత్తంగా నటుడి తల మీద రుద్దడం సరికాదు. నేర్చుకోవలసిన పాఠం వేరే ఉంది: కొత్త నటుడికి పాత కథల పూర్వరంగం కాకుండా తనదైన సాహసం ఇవ్వాలి.

ఇండియానా జోన్స్‌కు అలాంటి సాహసాలకు కొదవ లేదు. మొదటి మూడు కథలు ప్రధానంగా 1935, 1936, 1938 సంవత్సరాలలో జరుగుతాయి. నాలుగోది ఒక్కసారిగా 1957కు వెళ్లిపోతుంది. ఈ మధ్యలోని రెండో ప్రపంచ యుద్ధ కాలం, ప్రాచీన సంపద చేతులు మారిన ఆ కల్లోల కాలం, అయిదో భాగం తొలి ఘట్టం తప్ప వెండితెర మీద దాదాపు ఖాళీగా ఉంది. అందుకే కథను నేటి కాలానికి తేవడం నాకు సమ్మతం కాదు. విమానాలు తక్కువగా, పటాలు అసంపూర్ణంగా ఉన్న ఆ రోజుల్లోనే ఈ పాత్ర బతుకుతుంది. మొదటి చిత్రం షూటింగ్ నాటికి ఫోర్డ్ వయసు 38. ఆ వయసు నటుణ్ణే ఎంచుకోవాలి, ఫోర్డ్ చిరునవ్వును అనుకరించమని మాత్రం అడగకూడదు. ఈ చిత్రాలకు జాన్ విలియమ్స్ స్వరపరిచిన ఆ మార్చ్ సంగీతాన్ని ఎలాగూ వదులుకోరు.

చివరగా భారతీయ ప్రేక్షకుడిగా ఒక కోరిక. 1935 నాటి భారతదేశంలో జరిగే రెండో భాగం మన విందు భోజనాన్నీ, కాళీ ఆరాధననూ చిత్రించిన తీరు బాధాకరం. మన ప్రభుత్వం అనుమతి నిరాకరించడంతో దాన్ని శ్రీలంకలో చిత్రీకరించారు, ఇక్కడ కొంతకాలం నిషేధం కూడా ఎదుర్కొంది. అమ్రీష్ పురి వంటి మహానటుడు ఉండి కూడా ఆ లోపం తీరలేదు. కొత్త నటుడితో కొత్త వరుస మొదలైతే, ఆ తప్పును దిద్దుకునే అవకాశం వస్తుంది. ఆ రోజుల్లో నిజమైన పురావస్తు పరిశోధన మన నేల మీదే జరిగింది: 1926లో వెలుగు చూసిన నాగార్జునకొండలో పురావస్తు శాస్త్రవేత్త లాంగ్‌హర్స్ట్ 1927 నుంచి 1931 వరకు తవ్వకాలు జరిపి, మహాచైత్యంలో బంగారు భరిణెలో భద్రపరిచిన అస్థి ధాతువును వెలికితీశారు. కృష్ణా తీరంలోని ఆ లోయకు, స్థానిక పండితుల సాంగత్యంలో, దోచుకోవడానికి కాక తెలుసుకోవడానికి వచ్చే ఇండియానా జోన్స్‌ను చూడాలని ఉంది. 1930లలో ఆ లోయలో నడవడానికి కొత్త నటుడే కావాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు, విజయవాడ